ఎవరి నెవరు కోరుకొనిరి?

ప్రతిమాసము నీ పుటలో మన యింటిసంగతులనే ముచ్చటించుకొనుచున్నాము. ఈ మాసమున మాత్రము నేను బంతియాటనుగూర్చి వ్రాయబోవుచున్నాను. “ఆడవారి పత్రికలో బంతియాట యేల?” యని మీలో కొందరు నవ్వుకొందురేమో! కొంచె మోపికపట్టి చదివినచో నిదియు నింటిసంగతియే యని మీకే తోచగలదు.

2025వ సంవత్సరము వేసవిలో నేను అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున, ఫ్రిస్కో యను నూరిలో, మా యమ్మాయి యింట నుంటిని. ఏప్రిలు నెలలో వెళ్లి సెప్టెంబరు ముగియువరకు నచ్చటనే గడపితిని. అది డాలసు నగరమునకు ఉత్తరమున నున్న యూరు. మన తెలుగు కుటుంబము లచ్చట ననేకము కలవు. అంగడికి బోయిన గోంగూరయు, ములగకాడలును దొరకును. గుడికి బోయిన మన మాటయే చెవిని బడును. ఆ యూరికి మరియొక ప్రసిద్ధియు గలదు. ‘డాలస్ కౌబాయ్స్’ అను పేరుగల ఫుట్‌బాల్ జట్టునకు ప్రధానస్థాన మా యూరే. అందుచేత నచ్చట నే యింటికి బోయినను ఆ జట్టు మాట రాక మానదు.

అమెరికావారి ఫుట్‌బాల్ మనమెరిగిన ఫుట్‌బాల్ కాదు. పేరునకు కాలిబంతియే గాని కాలితో తన్నుట తక్కువ. చేతితో విసరుటయు, చంకనిడుకొని పరుగెత్తుటయు నెక్కువ. బంతియు గుండ్రముగా నుండదు. రెండు కొనలును సన్నగిల్లి, పీచు తీసిన కొబ్బరికాయవలె నుండును. ఒక్కొక్క పక్షమున పదునొకండుగురు నిలుతురు. నాలుగు ప్రయత్నములలో పది గజములైనను ముందునకు సాగవలెను. సాగనిచో బంతి యెదిరిపక్షమునకు జెందును. మన కబడ్డీలోని పెనుగులాటయు, చదరంగములోని యెత్తులును గలిసిన యాట యని మా యల్లుడుగారు నాకు బోధించిరి. మొత్తము 32 జట్లు. సెప్టెంబరు మొదలు జనవరి మొదటివారమువరకు నొక్కొక్క జట్టు 17 ఆట లాడును. పిమ్మట గెలిచినవారిలో గెలిచినవారిని ఏరుకొనుచు, ఫిబ్రవరిలో కడపటి పోటీ జరుగును. అంతటితో నాట ముగియును. ముగియనిది మాట! మరల సెప్టెంబరు వచ్చువరకు జనులు రాబోవు సంవత్సరమునుగూర్చియే చర్చించుకొనుచుందురు. ఆట యైదు నెలలు, మాట యేడు నెలలు.

మా యమ్మాయి పొరుగింట నొక వృద్ధురాలు కలదు. ఆమెకు డెబ్బది యేండ్లు దాటినవి. ఆమెయు, ఆమె భర్తయు ఆ జట్టు ఇర్వింగు పట్టణములోని పాత మైదానమున నాడుచుండిన దినములనుండి దాని భక్తులట! భర్త గతించి కొన్ని యేండ్లైనది. ఆట జరుగు దినమున ఆయన టోపీని ఆయన కూర్చుండు కుర్చీపై నుంచి, ప్రక్క కుర్చీలో తాను గూర్చుండును. ఆ జట్టు కడపటిసారి జాతీయ విజేతయైనది 1996 జనవరిలో. నాటినుండి నేటివరకు ఆ కడపటి పోటీ ముఖమైనను చూడలేదు. అయినను ఆ ముసలమ్మ ప్రతి వేసవియందును “ఈ యేడు మనదే” యనుట మానలేదని మా యమ్మాయి చెప్పినది.

శనివారము సాయంకాలములందు మా యమ్మాయి పెరటిలో చెట్టుక్రింద ఒక చిన్న సభ జరుగుచుండెడిది. మా యల్లుడుగారు, వారి స్నేహితుడైన యొక తెలుగుగృహస్థు, ఈ ముసలమ్మ — వీరే సభ్యులు. నేను పకోడీలు వేయించి యిచ్చి యొక ప్రక్క కూర్చుండుదును. వారి యాంగ్లము నాకు తెలియనిచోట పదుమూడేండ్ల మా మనుమరాలు తెలుగున చెప్పుచుండెడిది.

నేను వెళ్లిన దినములలో వారి మాటలన్నియు ‘డ్రాఫ్టు’ను గూర్చియే. డ్రాఫ్టు అనగా ఎంపిక. కళాశాలలలో ఆడి పేరుతెచ్చుకొన్న యువకులను ప్రతి వసంతమునను ఈ 32 జట్లును వరుసగా పిలిచి కోరుకొనును. ఏడు తడవలు ఈ వరుస తిరుగును. అందొక ధర్మము గలదు. గడచిన సంవత్సరమున నందరికంటె నెక్కువ యోడిన జట్టునకు మొదటి వంతు; విజేతకు కడపటి వంతు. బంతిలో ఆకలిగొన్నవానికి ముందుగా వడ్డించినట్లన్నమాట. వంతులను జట్లు తమలో తాము మార్చుకొనవచ్చును గూడ.

ఈ పద్ధతికి మూలపురుషుడు బెర్ట్ బెల్ అను నాయన. ఫిలడెల్ఫియా ఈగిల్స్ అను జట్టు ఆయనది. ధనముగల జట్లే మంచి యాటగాండ్రనెల్ల కొనిపోవుచుండగా, తనవంటి బలహీనులు ఎన్నటికిని లేవలేరని చూచి, 1935లో ఆయన ఈ యుపాయమును తోటివారియెదుట బెట్టెను. 1936 ఫిబ్రవరి 8వ తేదీన ఫిలడెల్ఫియాలోని యొక హోటలులో తొమ్మిది జట్లవారు చేరి 81 మందిని కోరుకొనిరి. మొట్టమొదట పిలువబడినవాడు జే బెర్వాంగర్ అను మేటి యాటగాడు. ఆయన మాత్ర మీ యాటను వృత్తిగా నొక్కనాడైన నాడక, వేరు వ్యాపారము చూచుకొనెనట! కోరుకొన్నవారు కోరుకొనిరి, ఆయన కోరుకొనలేదు. ఈ మాటను జ్ఞప్తియం దుంచుకొనుడు. మరల దీనితో పని గలదు.

నాడు హోటలుగదిలో జరిగినది నేడు తిరునాళ్లైనది. 2025 ఏప్రిలు 24, 25, 26 తేదీలలో గ్రీన్‌బే యను పట్టణమున జరిగిన యెంపికలో 257 మంది పేర్లు పిలిచిరి. లక్షకు కొంచెము పైబడిన జనులు గల ఆ చిన్నయూరికి మూడు దినములలో ఆరులక్షలమంది వచ్చిరని నిర్వాహకులు ప్రకటించిరి. ఆడుటకాదు, పేర్లు పిలుచుట చూచుటకు! మన యూళ్లలో పెండ్లిచూపులకు వాడయంతయు కిటికీలవద్ద చేరుట నాకు జ్ఞప్తికి వచ్చినది.

ఆ మొదటి రాత్రి సభ యింటిలోపల దూరదర్శనయంత్రమునెదుట జరిగినది. 2024లో డాలసు జట్టు ఏ డాటలు గెలిచి పది యోడెను. వారి నాయకుడు డాక్ ప్రెస్కాట్ తొడకండరము చెడి ఎనిమిది యాటలతోనే ఆ సంవత్సరము నిలిచిపోయెను. అందువలన వారికి పండ్రెండవ వంతు వచ్చినది. దూరమునకు పరుగెత్తి బంతిని బట్టుకొను యువకుని తెత్తురని మా యల్లుడుగారి యాశ. వారు పిలిచినది టైలర్ బుకర్ అను ‘గార్డు’ను. గార్డు బంతిని పట్టడు, విసరడు, గెలుపుగీత దాటడు. బంతి విసరు నాయకునిమీదికి శత్రువులు దూకకుండ దేహము నడ్డుపెట్టి నిలుచుటయే వాని పని. మా యల్లుడుగారు నుదురు కొట్టుకొనిరి. తెలుగుమిత్రుడు పకోడీల పళ్లెరమును దూరముగా నెట్టెను.

ముసలమ్మ మాత్రము తొణకలేదు. “పదునొకం డేండ్లు ఆ చోటున గోడవలె నిలిచిన జాక్ మార్టిన్ ఈ వసంతముననే విశ్రాంతి పుచ్చుకొనెను. గోడ పడిన యింట దీప మెట్లు నిలుచును? మొదట గోడ కట్టనిండు” అనెను. పిమ్మట నాతో, “ఈ గార్డు పేరు పత్రికలలో రాదమ్మా! వాడు పొరబడిననాడు మాత్రమే వచ్చును” అనెను. ఆ మాట వినగానే నాకు మన యిల్లాండ్రు గుర్తునకు వచ్చిరి. కూర కుదిరిననాడు మాటలేదు. ఉప్పెక్కువైననాడు అందరికిని నోరు వచ్చును. ఆ క్షణమునుండి నేనును ఆ బుకర్ పక్షమునే చేరితిని.

జోస్యము లెంత తలక్రిందు లగునో చూడుడు. ఆ యేడు మొదటి రాత్రియే పిలువబడునని యెల్లరును తలచిన షెడూర్ సాండర్సు అను నాయకుడు రెండు రాత్రులు కాచుకొని, మూడవనాడు 144వ వాడుగా పిలువబడెను. ఈ ప్రెస్కాటే 2016లో 135వ వాడుగా వచ్చినవాడు. 2000 సంవత్సరమున 199వ వాడుగా పిలువబడిన టామ్ బ్రేడీ యేడుసార్లు విజేతయయ్యెను. మొదట పిలువబడినవాడు మొదటివాడు కాడనియు, కడపట పిలువబడినవాడు కడపటివాడు కాడనియు ఆ జనులకు దెలియును. తెలిసియు ప్రతివసంతమునను ఆశపడుదురు. పది సంబంధములు తప్పిపోయినను పదునొకండవదానికి ముగ్గుపెట్టు మనవంటివారికి వారిని జూచి నవ్వ నర్హత లేదు.

అప్పుడు మా మనుమరాలు నా చెంగు పట్టుకొని, “అమ్మమ్మా! ఆయనను ఏ యూరికి పోయెదవని యెవరైన నడిగిరా?” యని ప్రశ్నించినది. నాకేమి తెలియును? ఆ ప్రశ్నను ఆంగ్లమున తండ్రినే యడుగుమంటిని. ఆయన, “అడుగరమ్మా, అది నియమము. పిలిచిన జట్టునకే పోవలెను. కాదన్నచో ఆ సంవత్సర మీ జట్లలో నాడుటకు వీలులేదు. అయినను కోట్లధనము వచ్చును గదా!” అనిరి. పిల్ల యూరకుండక, “కోట్లు వచ్చినచో నడుగనక్కరలేదా, నాన్నా?” అనినది. సభ నిశ్శబ్దమైనది.

ముసలమ్మ పకపక నవ్వి, “ఆడపిల్ల లీ ప్రశ్న ఎప్పుడో యడిగిరి, జవాబును చెప్పించుకొనిరి” అని యీ సంగతి వివరించెను.

అమెరికాలో స్త్రీలు వృత్తిగా నాడు ఫుట్‌బాల్ మండలి యొకటి కలదు. ఇది మనమెరిగిన గుండ్రని బంతి యాట; మా మనుమరాలు పాఠశాలలో నాడునదియు నిదియే. టెక్సాసులోని హ్యూస్టనునందు వారి జట్టొకటి యున్నది. 2013లో ఆ మండలి మొదలైననాటినుండి వారికిని ఇట్టి యెంపికయే యుండెడిది. కళాశాల ముగించిన పిల్ల వేయి మైళ్ల దూరమున పిలిచినను మూటగట్టుకొని పోవలసినదే. ఆడుచుండగా నడుమ మరియొక యూరికి మార్చినను మారు పలుకరాదు. 2024 ఆగస్టులో క్రీడాకారిణుల సంఘమువారు మండలితో క్రొత్త యొడంబడిక చేసికొనిరి. దానివలన నెంపిక పూర్తిగా రద్దయ్యెను. ఏ జట్టున చేరవలెనో పిల్లయే మాటలాడుకొనును. ఆమె సమ్మతి లేక ఆమెను వేరొక జట్టునకు మార్చరాదు. అమెరికాలోని పెద్ద క్రీడామండలులలో నెంపికను తీసివేసినది మొదట నిదియే. మగవారి మండలులు ఇంకను పాతపద్ధతినే నడచుచున్నవి.

దీనికి ప్రతివాదము లేకపోలేదు. “అట్లైన ధనవంతులైనవారే మంచివారి నందరిని చేర్చుకొందురు, బలహీనులగతి యేమి?” యని మా యల్లుడుగారు అడిగిరి. మంచి ప్రశ్నయే. బెర్ట్ బెల్ బాధయు నదియే గదా! అందులకు ముసలమ్మ చెప్పిన సమాధాన మిది: జట్టు సంవత్సరమున నింతకు మించి జీతము లీయరాదను హద్దు ఆ మండలిలో నున్నది, ధనికులైనను అందరినీ కొనలేరు. మరియు ఐరోపాఖండపు జట్లలో నిట్టి యెంపిక యెన్నడును లేదు. పిల్లలు తమ కిష్టమైనచోటికి పోవచ్చును. ఇచ్చట నడుగకున్న మంచి యాటకత్తె లచ్చటికి లేచిపోవుదురు. అడిగి యుంచుకొనుటయే మేలని మండలివారు గ్రహించిరి. బలహీనునికి సాయపడుట ధర్మమే. కాని యా ధర్మమునకు వెల యెవరు చెల్లించుచున్నారో చూడవలెనుగదా. జట్లకు న్యాయము చేయబోయి మనిషిని వాటాగా పంచుట సరికాదని నాకును తోచినది.

వేసవి గడచుచుండెను. మే నెలలో డాలసువారు పిట్స్‌బర్గునుండి జార్జి పికెన్స్ అను బంతి బట్టుకొనువానిని మార్పిడిలో తెచ్చిరి. “గోడ కట్టితిమి, ఇప్పుడు గుమ్మము పెట్టితిమి” అని ముసలమ్మ సంతసించెను. క్రొత్త శిక్షకు డెట్టివాడు, ప్రెస్కాట్ తొడ కుదిరినదా, మైకా పార్సన్స్‌కు జీత మెంత పెంచుదురు — ఇవే మాటలు. పార్సన్స్ ఎదిరిపక్షపు నాయకులను వెన్నాడి పడవేయుటలో దిట్ట. 2021లో వారే పండ్రెండవ వంతున తెచ్చుకొన్నవాడు. జీతముమాట తెగక ఆతడు ఆగస్టు మొదట తన్ను వేరుజట్టునకు బంపుమని బహిరంగముగా నడిగెను.

ఆ దినములలోనే మా యింట నొక సంగతి జరిగినది. బడులు తెరచుచున్నవి. ఒక శనివారము సభలో జట్టు మాట ముగిసి మా మనుమరాలి మాట వచ్చినది. “ఇక నీ యేడునుండి బంతియాట మాన్పించవలెను. గణితమునకు ప్రత్యేకముగా చెప్పించిన గాని పైచదువున మంచిచోటు దొరకదు” అని తెలుగుమిత్రు డనెను. మా యల్లుడుగారు తల యూపిరి. ఏ బోధకునివద్ద చేర్చవలెను, ఏ దినములందు పంపవలెను, నాలుగేండ్ల తరువాత నే కళాశాల, ఏ చదువు — అంతయు నరగంటలో నిశ్చయమైనది. మా యమ్మాయియు నవుననినది. పార్సన్స్ సంగతి తేల్చినంత తేలికగా పిల్లసంగతి తేలిపోయినది. తలయెత్తి చూతును గదా, వంటయింటి తలుపు చాటున మనుమరాలు నిలిచియున్నది. చేతిలో నాట బూట్లు.

ఆ నిలువు నే నెరుగుదును. యేబది యేండ్ల క్రిందట మా పుట్టింట నడవలో పెద్దలు గూర్చుండి నా వివాహము నిశ్చయించుచుండగా నేనును తలుపు చాటున నట్లే నిలిచితిని. సంబంధము మంచిదే. నా కాపురము చల్లగనే జరిగినది. ఎవరిమీదను నాకు నేరములేదు. అడిగినను బహుశః అవుననియే యుందును. అయినను అడుగలేదను నొక్కమాట యిన్నేండ్లకును మరుపునకు రాలేదు.

అల్లుని పనులలో అత్త కలుగజేసికొనుట మర్యాద కాదని నే నెరుగుదును. కాని యా దినమున నోరు మూసికొనలేకపోతిని. “అల్లుడుగారూ! ఏ యూరికి పోయెదవని ఆ బుకర్‌ను ఎవరైన నడిగిరా?” యంటిని. ఆయన కొంతసేపు నా వంక జూచిరి. తలుపువంక జూచిరి. ముఖము చిన్నబోయినది. పిమ్మట, “ఇటు రా, తల్లీ! నీ వేమందువు?” అని పిల్లను బిలిచి ప్రక్కన గూర్చుండబెట్టుకొనిరి.

ఆ పిల్ల గట్టిగా తిరుగబడునని నేను భయపడితిని. అట్టిదేమియు లేదు. తాను గణితమున వెనుకబడుట తనకును దెలియుననియు, శనివారము ఉదయమున పాఠమునకు పోవుటకు తనకు సమ్మతమే యనియు, బంతియాట మాత్రము మరియొక సంవత్సరము ఆడనిమ్మనియు, మార్కులు తగ్గినచో అప్పుడు తానే మానివేయుదు ననియు మెల్లగా చెప్పినది. పెద్దల మరగంటలో చేసిన యేర్పాటుకంటె నిదియే సబబుగా నుండెను. ఏలయన శనివార ముదయము తప్ప తక్కిన దినములలో తనకు తీరికలేదని దానికి దెలియును; మాకు దెలియదు.

ఆగస్టు 28వ తేదీన, అనగా ఆటలు మొదలుకావలసిన వారమునకు ముందు, డాలసువారు పార్సన్స్‌ను గ్రీన్‌బే జట్టునకు పంపివేసిరి. బదులుగా నొక యాటగాడును, రాబోవు రెండు సంవత్సరముల యెంపికలలో మొదటి తడవ వంతులును వచ్చినవి. మా యింట నా రాత్రి యన్నము సరిగా తిన్నవారు లేరు. వేసవియంతయు కట్టిన యాశలమేడ యొక్కమాటతో కూలెను. ముసలమ్మ మాత్రము మరునాడు వచ్చి, “పోవలెనని యనుకొన్నవానిని పట్టియుంచిన నేమి లాభము? వాని మనసిచ్చట లేదు” అని, కొంచెముసేపాగి, “అయినను ఈ యేడు మనదే” అనెను.

సెప్టెంబరు 28వ తేదీన ఆ గ్రీన్‌బే జట్టే పార్సన్స్‌ను వెంటబెట్టుకొని మా ప్రాంతమునకు వచ్చి, ఆర్లింగ్టను మైదానమున డాలసుతో ఆడెను. నా ప్రయాణమునకు ముందు నే జూచిన కడపటి యాట యదియే. భర్త టోపీని దెచ్చి ముసలమ్మ మా యింటనే గూర్చుండెను. అదనపు సమయమును గూడ ఆడి, చివరకు చెరి 40తో సరిసమానముగా ముగిసెను. ఎవరును గెలువలేదు, ఎవరును ఓడలేదు. మగవా రిద్దరును విసుగుకొనిరి. ముసలమ్మ టోపీ దులిపి, “ఇదియు న్యాయమే” యని యింటికి బోయెను.

సోదరీమణులారా! జట్టునుగూర్చి మన మెంత మాటలాడినను దోషములేదు. ఆ మాటలు జట్టునకు వినబడవు. ఆశపడుటయు, జోస్యము చెప్పుటయు, అవి తప్పిన నవ్వుకొనుటయు మనుష్యులకు సొంపైన వినోదములే. కాని యింటిలో మనము పిల్లలనుగూర్చి మాటలాడునప్పుడు వారు తలుపు చాటున విందురు. పదవతరగతి ఫలితములు వచ్చిననాడు మన యిండ్లలోను సభలు జరుగును. గణితశాఖయా, జీవశాస్త్రశాఖయా, విజయవాడలో చదివించుటయా, హైదరాబాదునకు పంపుటయా — మేనమామలు, పెదతండ్రులు, పొరుగువారు, అందరును తలకొక వంతు పిలుతురు. పెండ్లిమాటలనాడు చెప్పనేల! వారందరును పిల్లల మేలుకోరువారే. బెర్ట్ బెల్ కూడ మేలు కోరినవాడే. పిలుచుట తప్పు కాదు. పిలిచి, యడుగకుండుటయే తప్పు. అడిగినంతమాత్రమున పెద్దరికము పోదు. ఎంపికను మానిన ఆ స్త్రీలమండలి కూలిపోలేదు, ఆట లాగలేదు, చూచువారు మానలేదు.

ఈ మాసమున మీ యింట నెవరినిగూర్చియైన నట్టి సభ జరిగినచో, మీరు కాఫీ యందించుచు నొక్క ప్రశ్న వేయుడు: “పిల్ల నడిగితిరా?” అడిగినప్పుడు వచ్చిన జవాబేమో, పెద్ద లేమనిరో నాకు వ్రాయుడు. ఆ యుత్తరముల సంగతులు మరియొకమాసమున ముచ్చటించుకొందము.